పుష్పకమునకొక పచ్చికబయలు

మహేంద్రగిరికిని సముద్రమునకును నడుమ పరచుకొనియున్న మన ఉత్తరపు తీరమునకు, అనగా శ్రీకాకుళ విజయనగర జిల్లాలకు, విమానయాన విషయమున అరుదైన గౌరవమొకటి లభించినది. 2014 మొదలు 2018 వరకు కేంద్రమున పౌరవిమానయాన శాఖను నిర్వహించినవారు విజయనగరపు లోక్‌సభ సభ్యులు పూసపాటి అశోక్ గజపతిరాజుగారు. 2024 జూను మాసమున ఆ బాధ్యతను స్వీకరించినవారు శ్రీకాకుళపు సభ్యులు కింజరాపు రామ్మోహన్ నాయుడుగారు. ఈ ఉభయుల పట్టణములకును చేరువలోనే, జాతీయరహదారి ప్రక్కన, భోగాపురమున 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగిన విమానాశ్రయమునకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిరి. దాని రన్‌వే పొడవు 3,800 మీటర్లు. దాని నిర్మాణమును చేపట్టిన జి.ఎం.ఆర్. సంస్థకు మూలపురుషులైన గ్రంథి మల్లికార్జునరావుగారు మన రాజాం వాస్తవ్యులు.

ఈ వైభవమంతయు పెద్ద విమానములకు సంబంధించినది. నేనిచ్చట వ్రాయబూనినది వేరొక జాతి విమానమును గూర్చి. ఇద్దరు మాత్రమే కూర్చుండదగినదియు, గుడ్డ తొడిగిన రెక్కలు గలదియు, నూరు గుఱ్ఱముల బలమునకు మించని ఇంజను గలదియు, అరువది మొదలు ఎనుబది ఏండ్ల వయస్సు గలదియు, ఒక మంచి కారు వెలకే దొరకునదియునగు విమానమది. అట్టిదానిని స్వార్జితముతో కొని, దాని మంచిచెడ్డలు తానే చూచుకొనుచు, సెలవు దినమున వేకువనే లేచి దానిని షెడ్డులోనుండి బయటికి నెట్టుకొని, ఆకాశమునకెక్కి వచ్చునట్టి సామాన్య గృహస్థులు అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములలో వేలకొలదిగా కలరు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిలోను వారాంతములందు విమానము నడపువారున్నారు. స్వదేశమున మాత్రము అట్టివారు మిక్కిలి అరుదు. ఇందుకు కారణము మనవారికి ధనము లేకపోవుట కాదనియు, అట్టి విమానమునకు ఇచ్చట నిలువ నీడయు దిగ నేలయు లేకపోవుటయే యనియు నా దృఢాభిప్రాయము.

విమానము కారు వెలకు దొరకుటేమని పాఠకులకు సందేహము కలుగవచ్చును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, సైన్యమున విమానము నడప నేర్చిన యువకులందరు ఇండ్లకు తిరిగివచ్చి తలకొక చిన్న విమానము కొందురని అమెరికాలోని కర్మాగారముల యజమానులు ఆశించిరి. 1946 ఒక్క సంవత్సరముననే అచ్చట 30,000కు పైగా చిన్న విమానములు తయారైనవి. ఫ్రెడ్ వైక్ అను ఇంజనీరు రూపొందించిన ఎర్‌కూప్ అను విమానమును, కాలితో నడపవలసిన చుక్కాని పనిని సైతము చేతిచక్రమునకే కలిపి, కారు నడుపువాడెవడైనను నడుపవచ్చునని ప్రకటించి, మేసీస్ వంటి సర్వసామగ్రి దుకాణములందు బట్టల నడుమ, గృహోపకరణముల నడుమ నిలిపి అమ్మిరి. ఆ సంవత్సరమున అది 4,000కు పైగా తయారైనది. కాని ఇంటికి వచ్చిన సైనికునికి కావలసినది ఇల్లును, ఉద్యోగమును, సంసారమును, విమానము కాదు. ఏడాది తిరుగకుండగనే కొనుగోళ్లు కుంగినవి, పలు కంపెనీలు మూతపడినవి. ఆ ఆశాభంగ కాలమున పుట్టిన ఏరోంకాలు, లస్కోంబులు, టేలర్‌క్రాఫ్టులు, ఎర్‌కూపులు తాతల చేతినుండి మనుమల చేతికి వచ్చి నేటికిని ఎగురుచున్నవి. మంచి స్థితిలో నున్నదానిని ఇరువది ముప్పదివేల డాలర్లకు, అనగా మన లెక్కలో ఇరువది పాతిక లక్షల రూపాయల ప్రాంతమునకు, అచ్చట బేరమాడవచ్చును.

ఇందొక విశేషము గలదు. రత్నము అరుదైనకొలది వెల పెరుగును; విమానము అరుదైనకొలది వెల తగ్గును. సెస్నా 150 అను రెండాసనముల విమానము 1977 వరకు ఇరువది మూడువేలకు పైగా తయారైనది. దాని గుణదోషములెరుగని మెకానిక్కు లేడు, దాని భాగములు దొరకని చోటు లేదు. కనుక కొనువాడు ఆ నిశ్చింతకు కూడ వెల చెల్లించును. వందలలోనే తయారై, తయారుచేసిన సంస్థయే అంతరించినదానిని కొనువాడో, తక్కువ వెల నిచ్చి ఆ చింతను తనపై వేసికొనును. కొనునాడు మిగిలిన ధనము తరువాతి సంవత్సరములలో శ్రమరూపమునను, వెదుకులాట రూపమునను వ్యయమగునని ఎరిగినవాడే ఈ బేరమునకు తగినవాడు.

మన దేశమునకును అట్టి విమానము లేకపోలేదు. జర్మనీలోని గటింగెన్ విశ్వవిద్యాలయమున వాయుగతిశాస్త్ర పితామహుడగు ప్రాంట్ల్ కడ శిష్యరికము చేసివచ్చిన విష్ణు మాధవ ఘాటగేగారి నేతృత్వమున, బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ, అమెరికావారి ఏరోంకా సూపర్ చీఫ్‌ను ఆధారముగా గొని నిర్మించిన ‘పుష్పక్’ 1958 సెప్టెంబరు 28వ తేదీన తొలిసారి గాలిలోనికి లేచెను. ఉక్కు గొట్టములనతికి కట్టిన పంజరము, దానిపై బిగించి తొడిగిన గుడ్డ, తలపైన రెక్క, ప్రక్కప్రక్కనే రెండాసనములు, ముక్కున 90 గుఱ్ఱముల బలముగల నాలుగు సిలిండర్ల కాంటినెంటల్ ఇంజను, తోకక్రింద చిన్న చక్రము: ఇంతకు మించి అందేమియు లేదు. రేడియో లేకున్నను ఎగురును. చేతితో ప్రొపెల్లరును త్రిప్పినను ఇంజను మేల్కొనును, ఏలన ఆ ఇంజనులో నిప్పురవ్వను పుట్టించునవి రెండు మాగ్నెటోలు, వానికి బ్యాటరీతో పనిలేదు. ఒకటి ఆగినను రెండవది నడిపించును. దీనినే కొంత పెంచి సైన్యము కొరకు ‘కృషక్’ను నిర్మించిరి; అది 1959లో ఎగిరెను. పుష్పకములు 150కి పైగా తయారై దేశమందలి ఫ్లయింగ్ క్లబ్బులకు చేరినవి. ఒక తరము పైలట్లకు, పెద్ద జెట్లను నడిపి విశ్రమించిన కెప్టెన్లనేకులకు, నేలను వీడుట నేర్పిన తొలిగురువు ఇదియే.

పురాణమున పుష్పకము కుబేరునిది. రావణుని వశమై, శ్రీరాముని లంకనుండి అయోధ్యకు చేర్చి, తుదకు మరల కుబేరునికడకే పోయినది. బెంగళూరున పుట్టిన పుష్పకములకు మాత్రము ఒకరి చేతినుండి మరియొకరి చేతికి మారు యోగము పట్టలేదు. అమెరికాలో వాని దాయాది యగు ఏరోంకా చీఫ్ రైతు చేతినుండి ఉపాధ్యాయుని చేతికి, ఉపాధ్యాయుని చేతినుండి వడ్రంగి చేతికి మారి బ్రదికినది. మన పుష్పకము క్లబ్బు ఆస్తిగానే పుట్టి, క్రొత్త సెస్నాలు రాగా క్లబ్బు షెడ్డులోనే మూలబడినది. ఎగురు విమానమును ఒక మనిషి తనదిగా నెంచి ప్రేమించినప్పుడే అది దీర్ఘాయువగుననుట నా విశ్వాసము. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటాగారు పుస్ మాత్ అను చిన్న విమానమున కరాచీనుండి బొంబాయికి తపాలా తెచ్చిరి. అచ్చటినుండి దానిని నెవిల్ విన్సెంట్ అను సహచరుడు బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చెను. ఏబది ఏండ్లు గడచిన పిమ్మట, 1982లో, తమ 78వ యేట టాటాగారు అదే మార్గమున ఎగిరినది క్రొత్త విమానమున కాదు. 1930 దశకమున పుట్టి, అభిమానులు కాపాడి నిలిపిన లెపర్డ్ మాత్ విమానమున. గుడ్డయు కొయ్యయు ఉక్కుగొట్టమును గల యంత్రము ఒక మనిషి ఆయువుతో సరితూగి నిలువగలదనుటకు ఇంతకు మించిన నిదర్శనమేల?

మన ప్రాంతపు వారికి రెక్కల సాహసము క్రొత్తదియు కాదు. శ్రీకాకుళము, టెక్కలి, ఇచ్ఛాపురములు 1936 వరకు ఏ గంజాం జిల్లాలో చేరియుండెనో, ఆ గంజామున పూర్వీకుల ఊరు గల బిజూ పట్నాయక్‌గారు డకోటా విమానములతో కళింగ ఎయిర్‌లైన్స్‌ను స్థాపించి, 1947లో తామే విమానము నడిపి ఇండోనేషియాకు పోయి, అచ్చటి స్వాతంత్ర్య నాయకుడు సుతాన్ షహ్రీర్‌ను డచ్చివారి దిగ్బంధమునుండి తప్పించి ఢిల్లీకి తెచ్చిరి.

ఇక కొనుట సంగతి. పాత విమానమును కొనబోవువాడు ప్రప్రథమమున చూడవలసినది రంగులు మెరయు దాని రూపమును కాదు, దాని లాగ్‌బుక్కులను: విమానమునకొకటి, ఇంజనునకొకటి, లోహపు ప్రొపెల్లరునకు కొన్నియెడల వేరొకటి. అందు ఎగిరిన గంటలెన్ని యని చూచువాడు సామాన్యుడు. ఎగరని సంవత్సరములెన్ని యని చూచువాడు ప్రాజ్ఞుడు. ఆ కాంటినెంటల్ ఇంజను 1,800 గంటలు నడచిన పిమ్మట విప్పి పునరుద్ధరించవలెనని తయారీదారుల సూచన. కాని ఎనిమిదివందల గంటలే నడచి పదునైదేండ్లు షెడ్డులో నిద్రించిన ఇంజనుకంటె, పదునాలుగువందల గంటలు విరామము లేక నడచినది మేలు. ఎగరని ఇంజనులోని నూనె మెల్లగా జారిపోవును. తేమ గాలి చొరబడును. కవాటములను లేపు క్యామ్ దండముపై కంటికి కనబడని త్రుప్పు చుక్కలు పుట్టును. మరల నడపిననాడు ఆ చుక్కలే ఆకురాయి పనిచేసి లోహమును తినివేయును. కనుక ప్రతి సిలిండరులోనికి 80 పౌండ్ల ఒత్తిడితో గాలి నింపి, ఎంత నిలుచుచున్నదో, కారునది ఏ ద్వారమున కారుచున్నదో చెవియొగ్గి వినవలెను. పొగగొట్టమున బుస వినబడినచో దోషము ఒక కవాటమున, కార్బురేటరున వినబడినచో మరియొక కవాటమున, నూనె పోయు మూత కడ వినబడినచో పిస్టను ఉంగరములందు.

తరువాతది గుడ్డ. ఈ గుడ్డను గూర్చి కొంత విస్తరించి చెప్పుటకు పాఠకులు అనుమతింతురుగాక, ఏలన ఇది మన జిల్లావారికి హృదయంగమమైన విషయము. తొలినాళ్లలో ఇంగ్లండున నారబట్టయు, అమెరికాలో మేలిజాతి పత్తిబట్టయు విమానములకు తొడిగిరి. అడ్డమునను నిలువునను సమానమైన బలముతో, అంగుళమునకిన్ని పోగులని లెక్కించి నేసిన ఆ బట్టను రెక్కల పంజరముపై కుట్టి, డోప్ అను ద్రవమును పూతపై పూతగా పూయుదురు; అది ఆరుచు బట్టను ముడుచుకొనజేసి బిగించును. పొందూరు స్త్రీలు కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకి, వడికి, వెంట్రుకకన్న సన్నని నూలు తీయుటను చూచినవారికి, బట్టయొక్క బలము పోగు మందములో కాక పోగు సమతలో నున్నదని వేరుగ చెప్పనక్కరలేదు. విమానపు బట్టయు అట్టిదే. ఆ పత్తిబట్టకు పరమశత్రువు ఎండ. షెడ్డులో నున్నచో పది పండ్రెండేండ్లు మన్ను బట్ట, ఆరుబయట నున్నచో కొలది ఏండ్లకే చివికిపోవును. అందుకే పరీక్షకుడు మొన గలిగిన చిన్న సాధనముతో, ఎండ ఎక్కువగా తగులు రెక్క పైభాగమున నొక్కి చూచును. ఇప్పుడు పత్తికి బదులు పాలియెస్టరు బట్ట వచ్చినది. ఇస్త్రీపెట్టె వేడిమికి ముడుచుకొని బిగియును, ఇరువది ఏండ్లకు పైగా నిలుచును. పాతవిమానము కొనువాడు అందు ఉన్నది ఏ బట్ట, ఏ సంవత్సరమున తొడిగినది యని అడుగవలెను. క్రొత్తగా తొడిగించుట కొన్న వెలలో మూడవ వంతును, ఒక్కొక్కప్పుడు సగమును మ్రింగగలదు.

బట్టక్రింద దాగినవి రెండు. ఒకటి ఉక్కు గొట్టములు: తోకవైపున క్రింది గొట్టములలో నీరు చేరి లోపలినుండి త్రుప్పు తినును, పూర్వపు పనివారు గొట్టములలో అవిసెనూనె పోసి త్రిప్పి మూసివేయుట ఇందుకే. రెండవది రెక్కలో ఒక కొననుండి మరియొక కొనకు సాగు దూలము. అది కొయ్యదైనచో, ఎప్పుడో రెక్కకొన నేలకు తగిలినప్పుడు పడిన సన్నని అడ్డపగులు బట్టచాటున ఏండ్లతరబడి కనబడకయుండును. లోహపుదైనచో ఉప్పుగాలి తగిలి పొడి రాలును. ఈ రెండును చూడక కొనిన విమానము ఎంత చవుకయైనను ప్రియమే.

ఇంతవరకు చెప్పినది ఏ దేశముననైనను నిజము. మన తీరమునకు ప్రత్యేకమైన కష్టములు మరికొన్ని గలవు. కళింగపట్నము, బారువ, భావనపాడు తీరములందు ఇనుప కిటికీ ఎన్నాళ్లు నిలుచునో చూచినవారు ఇక్కడి ఉప్పుగాలి శక్తిని ఎరుగుదురు. దానికి మించినది తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయ భవనమును చీల్చివేసినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినది. ఆ గాలి వేగము గంటకు 140 కిలోమీటర్లను మించినది. పుష్పకమువంటి విమానము గంటకు అరువది కిలోమీటర్ల ప్రాంతపు గాలి రెక్కకు తగిలినచో నేలను వీడ సిద్ధపడును. నాలుగువందల కిలోల ప్రాంతపు బరువు దానికొక లెక్క కాదు. త్రాళ్లతో నేలకు కట్టినంతమాత్రమున అది తుపానులో నిలువదు. కనుక ఇక్కడ గట్టి షెడ్డు లేనివానికి విమానము లేనట్లే. షెడ్డు వ్యయమును విమానపు వెలలో చేర్చియే లెక్క వేయవలెను.

ఇంధనమును గూర్చియు ఒక మాట. ఆ పాత ఇంజనులు తక్కువ ఆక్టేను పెట్రోలు కొరకు నిర్మింపబడినవి. నేడు దొరకు విమాన పెట్రోలున సీసముండుటచే స్పార్క్ ప్లగ్గులకు గసి పట్టును, తరచుగా విప్పి శుభ్రపరచవలెను. బంకులో దొరకు పెట్రోలు పోయవచ్చునా యన్నచో, అందు నేడు 20 శాతము వరకు ఇథనాల్ కలియుచున్నది. అది పాత రబ్బరు గొట్టములను మెత్తబరచును, తేమను పీల్చుకొనును, ఎండలో గొట్టములందే ఆవిరియై ఇంజనును నిలిపివేయును. అందుచే విమాన పెట్రోలే శరణ్యము. పూర్వము అది కేవలము పరదేశమునుండియే వచ్చెడిది. 2022 సెప్టెంబరునుండి ఇండియన్ ఆయిల్ సంస్థ దానిని గుజరాతునందలి తన కర్మాగారమున తయారుచేయుట శుభపరిణామము. గంటకు ఇరువది లీటర్లు త్రాగి, ఆ గంటలో నూట నలుబది కిలోమీటర్లకు అటునిటుగా పోవు పుష్పకము, లీటరుకు ఏడు కిలోమీటర్లు ఇచ్చినట్లు; పెద్ద కారునకు ఇది తీసిపోదు.

చట్టము సంగతి క్లుప్తముగా చెప్పెదను. 1934 నాటి విమాన చట్టమునకు బదులు 2025 జనవరి 1వ తేదీనుండి భారతీయ వాయుయాన్ అధినియమము అమలులోనికి వచ్చినది. విమానమునకు వి.టి. అక్షరములతో మొదలగు నమోదు సంఖ్య, ఎగురుటకు యోగ్యమని ధ్రువపత్రము, దాని కాలానుగుణ పునఃపరీక్ష, లైసెన్సుగల ఇంజనీరు సంతకము, బీమా, నడపువానికి కనీసము 40 గంటల శిక్షణతో ప్రైవేటు పైలట్ లైసెన్సు: ఇవన్నియు అవసరములే, ప్రాణరక్షణకు వీనిలో దేనిని కాదనుటకు వీలులేదు. నా కోరిక ఒక్కటే: మూడువందల జనమును మోయు జెట్టునకును, ఇద్దరు మిత్రులను మోయు గుడ్డరెక్కల విమానమునకును పత్రముల బరువు ఒక్కటే కాకూడదు. నలుగురైదుగురు కలిసి ఒక విమానమును కొని, వ్యయమును పంచుకొని, వంతులవారీగా ఎగురుట పరదేశములలో సర్వసామాన్యము. ఒక డాక్టరు, ఒక లెక్చరరు, ఒక జీడిపప్పు వర్తకుడు, ఒక విశ్రాంత నావికోద్యోగి కలిసినచో మన జిల్లాలలోను అది అసాధ్యము కాదు. వారిలో ఒకరికైనను రెంచి పట్టుకొనుట ఇష్టమై యుండవలెను, అంతే.

తోకచక్రపు విమానమును ఏల ఇంత పట్టుపట్టి మెచ్చుకొనుచున్నానో కూడ చెప్పవలెను. దాని బరువుకేంద్రము ముందుచక్రముల వెనుక నుండును. నేలపై పరుగిడునప్పుడు అడ్డగాలికి కొంచెము ప్రక్కకు మళ్లినచో, ఆ మళ్లుట తానై పెరిగి, తోక ముందునకు వచ్చునంతగా గిరగిర తిరుగబోవును. దానిని క్షణక్షణము పాదములతో సరిదిద్దుచుండవలెను. ఇంజను ఆగువరకు, షెడ్డునకు చేరువరకు పైలటు పని ముగియదు. దీనిలో నేర్చినవాడు గాలి మనసును ఎరిగిన పైలటగును. భోగాపురమునకు పెద్ద జెట్లను దింపబోవు రేపటి పైలట్లు మన పిల్లలే కావలెనని కోరుకొనువారమైతే, వారి పాదములకు ఈ విద్య అబ్బు చోటు ఇచ్చటనే ఉండవలెను.

విశాఖలోని విమానాశ్రయము నౌకాదళమువారి ఐ.ఎన్.ఎస్. డేగా, దేశరక్షణ పనులనడుమ వారాంతపు చిన్న విమానమునకు అచ్చట సావకాశము దొరకుట కష్టము. 3,800 మీటర్ల భోగాపురపు రన్‌వేపై పెద్ద జెట్ల వెనుక లేచు సుడిగాలిలో ఈ తేలిక యంత్రము దిగుట క్షేమము కాదు, దిగవలసిన అవసరమును లేదు. దానికి మూడువందల మీటర్ల గట్టినేల చాలును, క్షేమము కొరకు ఆరువందలనుకొందము. నాగావళి, వంశధారల నడుమ ఏ మెట్టభూమిలోనైనను, తేలినీలాపురము, తేలుకుంచి పక్షుల రాకపోకల దారికి దూరముగా, ఆరువందల మీటర్ల పొడవున నేల చదును చేసి, గడ్డి పెంచి, నీరు నిలువకుండ కాలువలు త్రవ్వి, తుపానుకాగు షెడ్డు ఒకటి కట్టి, విమాన పెట్రోలు పీపాలకు అనుమతినిచ్చి, గుడ్డ కుట్టుటయు గొట్టము అతుకుటయు నేర్చిన పనివానిని ఇద్దరు కుర్రవాండ్లతో అచ్చట నియమించినచో, అది ఒక పెద్ద విమానాశ్రయపు కారు పార్కింగునకగు వ్యయమును మించదని నా నమ్మకము. అట్టి బయలు ఒకటి ఇచ్ఛాపురమున, ఒకటి బొబ్బిలి ప్రాంతమున, ఒకటి భోగాపురమునకు ఎడముగా వెలసినచో, నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదలను గంటకు కొంచెము పైబడిన కాలమున దాటు పుష్పకమునకు మూడు ఊళ్లలోను దిగుచోటు దొరకును. ఈ మాటను పరిశీలించుటకు తగిన అధికారము గలవారు శ్రీకాకుళమువారే యగుటచే, వారికి నివేదించుటకు ఇంతకంటె అనువైన సమయము లేదు.